55 వేల డిస్కౌంటా? 7 శాతం వడ్డీయా?

ప్రశ్న: మాది భూపాలపల్లి. మావారు సింగరేణిలో పనిచేస్తారు. ఈసారి వచ్చే లాభాల వాటాకు కొంత పొదుపు కలిపి కొత్త కారు కొనాలని అనుకుంటున్నాం. హన్మకొండ షోరూమ్‌లో ఎక్స్-షోరూమ్ ధర 9 లక్షల 20 వేలు చెప్పారు. 7 లక్షలు లోన్ తీసుకోవాలి. సేల్స్ అబ్బాయి రెండు దారులు చూపించాడు. వాళ్లు చెప్పిన ఫైనాన్స్‌లో తీసుకుంటే వడ్డీ 7 శాతమే, కానీ డిస్కౌంట్ ఉండదట. బయట బ్యాంకు లోన్ 9 శాతానికి తెచ్చుకుంటే 55 వేలు డిస్కౌంట్ ఇస్తారట. మావారు ‘వడ్డీ తక్కువ ఉన్నదే తీసుకుందాం’ అంటున్నారు. పరకాలలో వ్యాపారం చేసే మా అన్నయ్య ‘డిస్కౌంట్ వదులుకోవద్దు’ అంటున్నాడు. మా 2014 మోడల్ పాత కారుకు 1 లక్షా 30 వేలు, దానిమీద 30 వేలు ఎక్స్‌చేంజ్ బోనస్ ఇస్తామన్నారు. ఆఫర్ దసరా వరకే అని రోజూ ఫోన్ చేస్తున్నారు. 10 లక్షల 40 వేల మోడల్ చూడమని కూడా ఒత్తిడి చేస్తున్నారు. ఇంట్లో లెక్కలు చూసేది నేనే. టెన్షన్‌గా ఉంది, ఏం చేయమంటారు?
– ఒక సోదరి, భూపాలపల్లి

జవాబు: అమ్మా, మీరు రాసిన అంకెల ప్రకారం మీ అన్నయ్య చెప్పిందే లాభం. అయితే మీవారు తప్పు చెప్పారని కాదు. అంకెలు కొంచెం మారితే ఆయన మాటే సరైనదయ్యేది. అందుకే ఏది మంచిదో చెప్పి ఊరుకోకుండా, లెక్క ఎలా వేయాలో రాస్తున్నాను. రేపు షోరూమ్ వాళ్లు కొత్త అంకె చెప్పినా మీరే వేసుకోగలరు.

ముందుగా 7 శాతం దారి. 7 లక్షలు, 5 ఏళ్లు, నెలకు ఈఎంఐ 13,861 రూపాయలు. 60 నెలల్లో కట్టేది దాదాపు 8 లక్షల 31 వేల 650. ఇప్పుడు డిస్కౌంట్ దారి. 55 వేలు ధరలో తగ్గితే మీరు తీసుకోవాల్సిన లోన్ 6 లక్షల 45 వేలకు దిగుతుంది. చేతి నుంచి పెట్టే డబ్బు రెండింట్లోనూ ఒకటే. 9 శాతం మీద 5 ఏళ్లకు ఈఎంఐ 13,389. మొత్తం కట్టేది దాదాపు 8 లక్షల 3 వేల 350. అంటే వడ్డీ శాతం ఎక్కువ ఉన్నా నెలకు 472 రూపాయలు తక్కువ కడతారు, చివరికి 28 వేల పైచిలుకు మిగులుతుంది. మీవారికి ఈ రెండు ఈఎంఐలు పక్కపక్కన రాసి చూపించండి. శాతం గురించి వాదించుకునే పని ఉండదు.

ఇదే లెక్కను ఇంకో రకంగా చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. 7 లక్షల లోన్ మీద 9 శాతానికి బదులు 7 శాతం వడ్డీ ఇస్తున్నారంటే, 5 ఏళ్లకు ఆ మేలు విలువ ఈరోజు డబ్బులో సుమారు 32 వేలు. వాళ్లు ఒక చేత్తో 55 వేలు, ఇంకో చేత్తో 32 వేలు చూపించి ఏది కావాలో ఎంచుకోమంటున్నారు. డిస్కౌంట్ 20 వేలో, 25 వేలో అయ్యుంటే నేను తక్కువ వడ్డీనే తీసుకోమనేదాన్ని. లోన్ కాలాన్ని బట్టి కూడా ఇది మారుతుంది. 3 ఏళ్లకే తీసుకుంటే ఆ 2 శాతం తేడా విలువ 20 వేలే, 7 ఏళ్లకు తీసుకుంటే 43 వేలు. లోన్ ఎంత పెద్దదైతే, ఎంత ఎక్కువ కాలం నడిస్తే తక్కువ వడ్డీకి అంత బలం. మీ విషయంలో 7 ఏళ్లు పెట్టుకున్నా 55 వేలకు అది అందదు.

మీ ఇంటికి సంబంధించి నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ఇంకొకటుంది. సింగరేణి కుటుంబాలకు దసరాకు లాభాల వాటా, దీపావళికి బోనస్ అని ఏడాదికోసారి పెద్ద మొత్తం చేతికొస్తుంది. చాలామంది ఆ డబ్బుతో లోన్ ముందే తీర్చేస్తారు. మీరూ అలా తీర్చేవాళ్లే అయితే తక్కువ వడ్డీ ఇంకా బలహీనపడుతుంది. డిస్కౌంట్ మొదటి రోజే మీ చేతికొచ్చేస్తుంది, లోన్ రేపు తీర్చినా ఎల్లుండి తీర్చినా అది వెనక్కి పోదు. తక్కువ వడ్డీ మేలు మాత్రం లోన్ బతికున్నన్నాళ్లే. 2 ఏళ్లకు లోన్ మూసేస్తే పైన వేసిన రెండు దారుల మధ్య తేడా 28 వేలు కాదు, దాదాపు 39 వేలు అవుతుంది. అది కూడా ముందే తీర్చినందుకు ఏ చార్జీ వేయకపోతేనే. ఫిక్స్‌డ్ వడ్డీ (మొదటి నుంచి చివరిదాకా మారని వడ్డీ) లోన్లలో మిగిలిన అసలు మీద కొంత శాతం ఫోర్‌క్లోజర్ చార్జీ వేయడం మామూలే. ఫ్లోటింగ్ వడ్డీ (మార్కెట్‌ను బట్టి మారే వడ్డీ) మీద వ్యక్తులు సొంత అవసరాలకు తీసుకున్న లోన్లను ముందే తీర్చితే బ్యాంకులు చార్జీ వేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. కాబట్టి 9 శాతం లోన్ తెచ్చుకునేటప్పుడు అది ఫిక్స్‌డా, ఫ్లోటింగా, మధ్యలో కొంత అసలు కడితే తీసుకుంటారా అని తప్పక అడగండి. మీవారి జీతం పడే బ్యాంకులో మొదట అడగండి. సిబిల్ స్కోరు (అప్పులు సరిగ్గా తీర్చారా అన్నదానికి ఇచ్చే మార్కు) బాగుంటే 9 కంటే తక్కువకు కూడా రావచ్చు. షోరూమ్ వాళ్లను మీ పేపర్లు నాలుగైదు ఫైనాన్స్ కంపెనీలకు పంపనివ్వకండి. పంపిన ప్రతిచోటా మీ పేరు మీద ఒక ఎంక్వైరీ పడుతుంది, అవి ఎక్కువైతే స్కోరు తగ్గొచ్చు.

రెండూ కలిపి ఎందుకివ్వరు అని మీకు అనుమానం వచ్చే ఉంటుంది. రెండూ ఒకే ఖాతాలోంచి వచ్చేవి కాబట్టి. ఒక మోడల్‌ను అమ్మడానికి ఒక్కో కారుకు ఇంత అని కంపెనీ పక్కన పెట్టుకుంటుంది. ఆ డబ్బును నేరుగా కొనేవాళ్లకిస్తే డిస్కౌంట్. అదే డబ్బును బ్యాంకుకో, ఫైనాన్స్ సంస్థకో ఇచ్చి ‘మీ మామూలు వడ్డీకి, మేము ప్రకటించిన వడ్డీకి ఉన్న తేడా మేం కడతాం’ అంటే తక్కువ వడ్డీ. దీన్నే వాళ్ల భాషలో సబ్వెన్షన్ అంటారు. మహీంద్రాకు మహీంద్రా ఫైనాన్స్, టయోటాకు టయోటా ఫైనాన్షియల్ సర్వీసెస్ ఉన్నట్టు కొన్ని కార్ల కంపెనీలకు సొంత ఫైనాన్స్ సంస్థలే ఉన్నాయి. మారుతి లాంటివి బ్యాంకులతో ఒప్పందాలు చేసుకుంటాయి.

ఈ పద్ధతి అమెరికాలో పుట్టింది. జనరల్ మోటార్స్ 1919లోనే కార్ల కొనుగోలుకు అప్పులిచ్చే సొంత సంస్థ పెట్టింది. చమురు సంక్షోభం తర్వాత అమ్ముడుపోని కార్లు పేరుకుపోయినప్పుడు, 1975 జనవరిలో క్రైస్లర్ కారు కొన్నవాళ్లకు చెక్కు వెనక్కి ఇచ్చే రిబేటు మొదలుపెట్టింది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత షోరూములు ఖాళీ అయిపోతే జనరల్ మోటార్స్ సున్నా వడ్డీ ప్రకటించింది. అక్కడ కూడా రిబేటు కావాలా, తక్కువ వడ్డీ కావాలా అని ఒక్కటే ఎంచుకోమనడం మామూలు.

నేరుగా ధర తగ్గించరెందుకంటే, ఒకసారి తగ్గించిన ధరను మళ్లీ పెంచడం కష్టం. నిన్న ఎక్కువకు కొన్నవాళ్లకు కోపం వస్తుంది, పాత కార్ల రేటూ పడిపోతుంది. ఆఫర్ అయితే ఈ నెల ఇచ్చి వచ్చే నెల తీసేయొచ్చు. ఫ్యాక్టరీని ఆపకుండా నడపాలి, తయారైన కార్లను డీలర్లకు పంపాలి. మన దేశంలో కంపెనీలు నెల నెలా చెప్పే అమ్మకాల లెక్క ఎక్కువగా డీలర్లకు పంపిన కార్ల లెక్కే. ఆ కార్లు డీలరు గోడౌన్‌లో నిలబడితే, వాటి కోసం డీలరు బ్యాంకులో తెచ్చిన అప్పుకు రోజూ వడ్డీ పెరుగుతుంటుంది. 2024 పండుగల ముందు డీలర్ల దగ్గర 80 నుంచి 85 రోజులకు సరిపడా కార్లు నిలిచిపోయాయని డీలర్ల సమాఖ్య ఫాడా చెప్పింది. మీకు రోజూ ఫోన్లు రావడానికి అసలు కారణం ఇదే. ఫోన్ చేసే ఆ పిల్లవాడికి కూడా నెల టార్గెట్ ఉంటుంది, అతని మీద కోపం తెచ్చుకోకండి.

కానీ తొందరపడకండి. ఈ ఆఫర్లు సాధారణంగా నెల నెలా మారుతుంటాయి, ఈ నెలది పోతే వచ్చే నెలది వస్తుంది. పైగా పండుగ రోజుల్లో, బాగా నడిచే మోడళ్ల మీద డిస్కౌంట్ తగ్గుతుందే తప్ప పెరగదు. ఎలాగూ కొనేవాళ్లు వస్తారు కదా. మన దగ్గర ఆషాఢంలో, పెత్రమాస (భాద్రపద అమావాస్య) ముందు పక్షం రోజుల్లో, పుష్యంలో కొత్త బండి తీసుకోవడానికి జనం వెనకాడతారు. బేరానికి అనువైన రోజులు అవే. మీకు దసరాకే బండి ఇంటికి రావాలని ఉంటే, పెత్రమాస ముందే ధర మాట్లాడుకుని బుక్ చేసి, మంచి రోజు చూసుకుని డెలివరీ తీసుకోండి. ఒక్క జాగ్రత్త. ఆఫర్ బుక్ చేసిన రోజుది కాకుండా ఇన్వాయిస్ చేసిన రోజుది వర్తిస్తుందని చాలా బుకింగ్ ఫారాల్లో ఉంటుంది. మీకు చెప్పిన 55 వేలు డెలివరీ రోజు కూడా ఉంటాయని స్టాంపు వేసిన కొటేషన్‌లో రాయించుకోండి.

డిసెంబరులో ఇంకా ఎక్కువ డిస్కౌంట్ వస్తుందని ఎవరైనా చెప్తే అది నిజమే. ఏడాది మారితే ఆ కారు ‘పోయిన సంవత్సరం మోడల్’ అయిపోతుంది కాబట్టి వదిలించుకోవాలని చూస్తారు. మూడు నాలుగేళ్లకే అమ్మేసేవాళ్లకు రేటులో ఆ దెబ్బ తగులుతుంది. మీరు 2014 కారును ఇప్పటిదాకా నడిపారంటే కొత్తదాన్నీ చాలా ఏళ్లు ఉంచుకుంటారు, మీకు ఆ నష్టం పెద్దగా ఉండదు. ఎప్పుడు కొన్నా కారు ఏ నెలలో, ఏ ఏడాది తయారైందో డబ్బు కట్టేముందే అడగండి. సేల్ సర్టిఫికెట్ అయిన ఫారం 21లో తయారైన నెల, ఏడాది రాసి ఉంటాయి.

ఇప్పుడు ఆ 7 శాతం గురించి ఒక చిన్న పరీక్ష. ఈఎంఐ ఎంత అని అడగండి. 13,861 దగ్గర చెప్తే అది తగ్గుతున్న అసలు మీద వేసే వడ్డీ. 15,750 అని చెప్తే అది ఫ్లాట్ వడ్డీ, అంటే మీరు ఎంత అసలు తీర్చినా మొదటి 7 లక్షల మీదే 5 ఏళ్లూ వడ్డీ వేస్తున్నారు. ఫ్లాట్ రేటు వినడానికి చాలా తక్కువ అనిపిస్తుంది. 6 శాతం ఫ్లాట్ కూడా 5 ఏళ్లకు మామూలు లెక్కలో 10.85 శాతం అవుతుంది. మన పల్లెల్లో ట్రాక్టరు లోన్లు తీసుకున్న చాలామంది రైతులు ఈ తేడా తెలియకే నష్టపోయారు. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం.

సున్నా వడ్డీ అన్న బోర్డు కనిపిస్తే ఇంకా జాగ్రత్తగా ఉండండి. 2013 సెప్టెంబరులోనే రిజర్వు బ్యాంకు సున్నా వడ్డీ అనేదే ఉండదని బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. ప్రాసెసింగ్ ఫీజు రూపంలోనో, వదులుకున్న డిస్కౌంట్ రూపంలోనో ఆ వడ్డీని కొనేవాళ్లే కడుతుంటారు.

ఈ దాపరికాలు తేలాలంటే ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ అడగండి. 2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి లోన్లన్నిటికీ బ్యాంకైనా, ఫైనాన్స్ కంపెనీ అయినా దీన్ని ఇచ్చి తీరాలి. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది. వడ్డీతో పాటు ప్రాసెసింగ్ ఫీజు, లోన్‌కు తగిలించే ఇన్సూరెన్స్ లాంటి ఖర్చులన్నీ కలిపితే అసలు ఏడాదికి ఎంత శాతం పడుతుందో అది చెప్తుంది. రెండు చోట్ల నుంచి ఆ కాగితం తెచ్చుకుని ఏపీఆర్ పక్కన ఏపీఆర్ పెట్టి చూడండి. అది మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి కాబట్టి తెలుగులో అడగొచ్చు. ఇచ్చాక ఆలోచించుకోవడానికి కనీసం మూడు పని దినాలు మీకు ఉంటాయి. ‘ఇప్పుడే సంతకం పెట్టండి’ అంటే ఈ నిబంధన గుర్తు చేయండి.

పాత కారు సంగతి కొత్త కారుతో కలిపి అస్సలు మాట్లాడకండి. షోరూముల్లో చాలామంది మోసపోయేది ఇక్కడే. బోనస్ 30 వేలు అని పెద్దగా చెప్తారు, పాత కారు ధరలో అంతకంటే ఎక్కువ కోస్తారు. మీకు 1 లక్షా 30 వేలు, బోనస్ 30 వేలు, మొత్తం 1 లక్షా 60 వేలు చెప్పారు. హన్మకొండలో పాత కార్లు కొనేవాళ్ల దగ్గర రెండు మూడు చోట్ల చూపించండి, ఆన్‌లైన్‌లో కూడా ధర అడగండి. బయట 1 లక్షా 60 వేలు పలికితే మీకు వచ్చిన బోనస్ ఏమీ లేనట్టే. ఎవరికి ఇచ్చినా, బండి పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలయ్యాక, బండి ఫలానా రోజు, ఫలానా టైముకు అప్పగించామని రాయించుకోండి. ఆర్సీ పేరు మారేదాకా వచ్చే చలాన్లు మీ మీదకే వస్తాయి.

ఇన్సూరెన్స్ కూడా అంతే, విడిగా చూడండి. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరి. దాని ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించింది కాబట్టి ఎక్కడ తీసుకున్నా తేడా ఉండదు. తేడా అంతా ఓన్ డ్యామేజ్ (మీ సొంత కారుకు జరిగే నష్టానికి), యాడ్-ఆన్ల (అదనపు రక్షణల) దగ్గర. అవే యాడ్-ఆన్లతో, అదే ఐడీవీతో (పాలసీలో కారుకు కట్టిన విలువతో) బయట కొటేషన్ తెచ్చుకుని చూపిస్తే షోరూమ్ వాళ్లు సాధారణంగా తగ్గిస్తారు. బయట తీసుకునే హక్కు మీకుంది. ‘అలా అయితే డిస్కౌంట్ పోతుంది’ అంటే పోయే డిస్కౌంట్ ఎంత, ఇన్సూరెన్స్‌లో మిగిలేది ఎంత అని కూడి తీసి చూడండి. ఇక హ్యాండ్లింగ్ చార్జీలు, లాజిస్టిక్స్ అని కొటేషన్‌లో ఏదైనా ఉంటే అది టాక్సూ కాదు, ఇన్సూరెన్సూ కాదు. తీసేయమనండి. ఎంత చెప్పినా వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

మీకు రావాల్సిన తగ్గింపు ఒకటి ఎవరూ చెప్పినట్టు లేరు. సింగరేణి ప్రభుత్వ రంగ సంస్థ. చాలా కంపెనీలు ప్రభుత్వ, ప్రభుత్వ రంగ ఉద్యోగులకు కార్పొరేట్ డిస్కౌంట్ ఇస్తాయి. మీవారి ఐడీ కార్డు చూపించి అడగండి. అడగనివాళ్లకు చాలాసార్లు ఇది రాదు. కరీంనగర్‌లో అదే కంపెనీ డీలరు దగ్గర కూడా ఒక కొటేషన్ తీసుకోండి. కంపెనీ ఇచ్చే భాగం రెండు చోట్లా ఒకటే అయినా, డీలరు తన మార్జిన్‌లోంచి ఇచ్చే భాగం ఊరిని బట్టి మారుతుంది. ఇంకొక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది, సెస్సు పోయింది. అది ప్రభుత్వం తగ్గించిన పన్ను. దాన్ని తమ ఆఫర్‌లో కలిపి చూపిస్తుంటే ఒప్పుకోకండి.

10 లక్షల 40 వేల మోడల్ గురించి. ‘నెలకు రెండు మూడు వేలే ఎక్కువ’ అని చెప్తారు. ఆ మాటలో ఈఎంఐ ఒక్కటే ఉంది. ధర 10 లక్షలు దాటగానే మన రాష్ట్రంలో లైఫ్ టాక్స్ శాతం పెరుగుతుంది, పెరిగిన శాతం మొత్తం ధర మీద పడుతుంది. 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా కట్టాలి. ఇది ఆదాయపు పన్ను రిటర్న్ వేసినప్పుడు పన్నులో సర్దుబాటవుతుంది, లేదా వెనక్కి వస్తుంది గానీ ముందు చేతి నుంచి పోతుంది. ఇన్సూరెన్స్ పెరుగుతుంది. ధరలో తేడా 1 లక్షా 20 వేలే అయినా రోడ్డు మీదకు వచ్చేసరికి అంతకంటే చాలా ఎక్కువ అవుతుంది. ఆ మోడల్‌లో ఉన్నవి మీకు నిజంగా అవసరమైతే కొనుక్కోండి, ఈఎంఐ చిన్నగా కనిపించిందని మాత్రం వద్దు.

షోరూమ్‌కు వెళ్లినప్పుడు ముందు ‘లోన్ లేకుండా, ఎక్స్‌చేంజ్ లేకుండా కొంటే చివరి ధర ఎంత?’ అని అడగండి. అది రాయించుకున్నాకే పాత కారు మాట తీయండి, ఆ తర్వాతే లోన్. ఇన్సూరెన్స్ చివర్లో. ఈ నాలుగు అంకెలూ విడివిడిగా కాగితం మీదకు వస్తే ఎక్కడ తగ్గించారో, ఎక్కడ కలిపారో మీకే కనిపిస్తుంది. మీవారినీ, అన్నయ్యనూ ఇద్దరినీ తీసుకెళ్లండి, బేరం మాత్రం మీరే మాట్లాడండి.

రేపు లాభాల వాటాతో లోన్ తీర్చేశాక బ్యాంకు నుంచి ఎన్ఓసీ (బాకీ లేదన్న పత్రం), ఫారం 35 తీసుకుని ఆర్టీఏలో ఆర్సీ మీద హైపోథికేషన్ (కారు బ్యాంకు తాకట్టులో ఉందన్న నమోదు) కొట్టేయించడం మరిచిపోవద్దు. ఇన్సూరెన్స్ పాలసీలో కూడా బ్యాంకు పేరు తీయించండి.